నేలలో 95 శాతం స్వచ్ఛత ఉన్నా డబ్బు ఎందుకు రాదు? గ్రాఫైట్ గనుల పెట్టుబడి లెక్క

క్లుప్తంగా: గ్రాఫైట్ గని గురించి మాట్లాడేటప్పుడు "స్వచ్ఛత" అనే మాట మూడు దశల్లో మూడు అర్థాలతో వస్తుంది. తవ్విన రాయిలో ఎంత కార్బన్ ఉందన్నది ఒకటి, మిల్లులోంచి బయటికొచ్చిన పొడిలో ఎంత ఉందన్నది ఇంకొకటి, బ్యాటరీ కంపెనీ ఎంత ఉంటే ఒప్పుకుంటుందన్నది మూడోది. పత్రికా ప్రకటనల్లో పెద్దగా కనిపించేది మొదటిది. గని నిలబడుతుందా లేదా అన్నది తేల్చేవి మాత్రం మూడో దశ, రేకు సైజు (గ్రాఫైట్ పలకలు ఎంత పెద్దవన్నది), చైనా ధర. శ్రీలంక, మొజాంబిక్ గనుల అనుభవం ఇదే చెబుతోంది. తూర్పు కనుమల గ్రాఫైట్ బ్లాకులకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

రెండు గనులు, రెండు లోకాలు

శ్రీలంకలోని కురునేగల జిల్లా కహటగహలో ఒక గని దాదాపు 600 మీటర్ల లోతు దాకా దిగింది. అక్కడ గ్రాఫైట్ రాతి పగుళ్లలో ఈనెలుగా పరుచుకుని ఉంటుంది. ఈనె మందం కొన్నిచోట్ల వేలెడంత, బాగా ఉన్నచోట మీటరు. తవ్వి తీసిన ముద్దలో కార్బన్ 90 శాతానికి పైగా ఉంటుంది, మంచి ముద్దల్లో 99 దగ్గరికీ వెళ్తుంది. ఇలాంటి ఈనె గ్రాఫైట్‌ను వాణిజ్యపరంగా తవ్వే దేశం ప్రపంచంలో శ్రీలంక ఒక్కటే.

మొజాంబిక్ ఉత్తర కొసన కాబో డెల్గాడో రాష్ట్రంలో బలామా అనే చోట ఉన్న గనిది పూర్తిగా వేరే తీరు. అక్కడ పెద్ద గొయ్యిలా పైనుంచే తవ్వుకుంటూ పోతారు. రాయిలో గ్రాఫైట్ సగటున 16 శాతం. మిగిలిన 84 శాతం పారబోయాల్సిందే. అయినా ఆ గనిని నడిపే ఆస్ట్రేలియా కంపెనీ సిరా రిసోర్సెస్‌కు వందల మిలియన్ డాలర్ల పెట్టుబడి వచ్చింది, అమెరికా ప్రభుత్వ సంస్థల రుణాలూ వచ్చాయి. శ్రీలంక గనులన్నీ కలిపి ఏటా తీసేది కొన్ని వేల టన్నులే. బలామా ప్లాంటును కట్టింది ఏటా 3.5 లక్షల టన్నుల సామర్థ్యంతో.

నూరు శాతానికి దగ్గరగా ఉన్న ఖనిజాన్ని వదిలి డబ్బు 16 శాతం రాయి వెనక ఎందుకు వెళ్లింది? కారణం పరిమాణం. ఈనె ఎంత స్వచ్ఛంగా ఉన్నా అది ఎక్కడ సన్నబడుతుందో, ఎక్కడ తెగిపోతుందో డ్రిల్లింగ్‌తో ముందే చెప్పడం కష్టం. బోరు రెండు మీటర్లు పక్కన పడితే చాలు, ఈనె తగలదు. బ్యాంకు రుణమివ్వాలంటే "ఇన్ని టన్నులు ఉన్నాయి" అని ఆస్ట్రేలియా జోర్క్ కోడ్ లాంటి ప్రమాణాల ప్రకారం ఒక నిపుణుడు సంతకం పెట్టాలి. ఈనె గనిలో ఆ సంతకం దొరకడం కష్టం. బలామాలాగా పొరలు పొరలుగా పరుచుకున్న నిక్షేపంలో వంద మీటర్లకొక బోరు వేసినా లెక్క తేలిపోతుంది. అక్కడ 10 కోట్ల టన్నులకు పైగా నిల్వ ఉందని, యాభై ఏళ్లకు మించి తవ్వొచ్చని చెప్పగలిగింది అందుకే.

శ్రీలంకకు గ్రాఫైట్ కొత్తేమీ కాదు. 19వ శతాబ్దం చివర్లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడి నుంచి ఏటా 30 వేల టన్నులకు మించి ఎగుమతి అయిన సంవత్సరాలున్నాయి. అప్పుడు దాన్ని లోహాలు కరిగించే మూసలకు వాడేవారు. ఆ దేశపు తొలి ప్రధాని డి.ఎస్. సేనానాయకే కుటుంబ సంపద మొదలైంది గ్రాఫైట్ గనులతోనే. ఆ వైభవం తగ్గడానికి ఖనిజం అయిపోవడం కారణం కాదు. మడగాస్కర్‌లో పైపైన తవ్వే చవక రేకు గ్రాఫైట్ దొరికాక, లోతున మనిషి దిగి తీసే ముద్దకు గిరాకీ తగ్గింది. అలా స్వచ్ఛతను చవక ఓడించింది.

మూడు స్వచ్ఛతలు

మామూలు రేకు గ్రాఫైట్ గనిలో రాయి 3 నుంచి 20 శాతం మధ్య ఉంటుంది. దీన్ని దంచి, మర ఆడించి, నీళ్లలో కలిపి, కాస్త కిరోసిన్ లేదా డీజిల్, నురగ తెప్పించే మందు వేసి గాలి ఊదుతారు. గ్రాఫైట్‌కు నీళ్లంటే పడదు. నూనె తాకగానే గాలి బుడగలకు అతుక్కుని పైకి తేలుతుంది. మట్టి, ఇసుక, అభ్రకం కిందికి పోతాయి. పైన నురగను గీరి తీసి, ఆరబెడితే 94 నుంచి 97 శాతం కార్బన్ ఉన్న పొడి వస్తుంది. వ్యాపారంలో దీన్ని కాన్సన్‌ట్రేట్ అంటారు.

ఇక్కడో విషయం గమనించాలి. 5 శాతం రాయి నుంచైనా 16 శాతం రాయి నుంచైనా వచ్చే కాన్సన్‌ట్రేట్ 95 శాతం దగ్గరే ఉంటుంది. కాబట్టి రాయిలోని శాతం సరుకు నాణ్యత గురించి పెద్దగా ఏమీ చెప్పదు. ఒక టన్ను సరుకు కోసం ఎన్ని టన్నుల రాయి మోయాలి, ఎంత కరెంటు కాలాలి అన్నదే చెబుతుంది.

మూడో స్వచ్ఛత బ్యాటరీది. లిథియం బ్యాటరీలో ఆనోడ్ (రుణ ధ్రువం) దాదాపు అంతా గ్రాఫైటే. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు వచ్చి గ్రాఫైట్ పొరల మధ్య దూరి కూర్చుంటాయి, వాడేటప్పుడు బయటికి వెళ్తాయి. ఒక ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో 50 నుంచి 100 కిలోల దాకా గ్రాఫైట్ ఉంటుంది. పేరులో లిథియం ఉన్నా, బరువులో లిథియం కంటే ఇదే ఎక్కువ. ఈ పనికి 95 శాతం పనికిరాదు, 99.95 శాతం కావాలి. ఆ మిగిలిన 0.05 శాతంలో కూడా ఇనుము, రాగి, మాలిబ్డినం వంటివి ఏవి ఎంతున్నాయో పది లక్షల్లో ఎన్ని భాగాలు అనే లెక్కలో చూస్తారు. ఒక ఇనుప రజను బ్యాటరీ లోపల షార్ట్ సర్క్యూట్‌కు కారణం కావచ్చు. అందుకే అయస్కాంతానికి అంటుకునే మలినాలకు విడిగా ఒక పరిమితి పెడతారు.

95 నుంచి 99.95కి వెళ్లే దారి ఖరీదైనది. ముందు రేకులను గాలి మరల్లో తిప్పి తిప్పి, అంచులు మడిచి, చిన్న ఉండల్లా చేస్తారు. బ్యాటరీ పూతలో దట్టంగా సర్దుకోవడానికి ఆ ఆకారం కావాలి. ఈ పనిలో సగానికి సగం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే నలిగి దుమ్మవుతుంది. ఒక టన్ను ఉండల కోసం రెండు మూడు టన్నుల కాన్సన్‌ట్రేట్ పోయాలి. మిగిలిన దుమ్మును ఉక్కులో కార్బన్ పెంచడానికి తక్కువ ధరకు అమ్ముకోవాలి. తర్వాత శుద్ధి. చైనాలో ఎక్కువగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కడుగుతారు. ఇది చవకే, కానీ ప్రమాదకరం. వ్యర్థ జలాన్ని శుభ్రం చేయకపోతే చుట్టుపక్కల బావులు పాడైపోతాయి. ఆమ్లం వద్దనుకుంటే క్షారంతో కాల్చి కడగాలి, లేదా రెండున్నర మూడు వేల డిగ్రీల వేడి పెట్టాలి. చివరగా పైన పలుచని కార్బన్ పూత. ఇన్ని మెట్లు ఎక్కాకే అది "బ్యాటరీ గ్రాఫైట్".

ఈ లెక్కన శ్రీలంక ముద్ద కూడా ఉన్నపళంగా బ్యాటరీలోకి పోదు. 99 శాతం నుంచి మొదలవుతుంది కాబట్టి మెట్లు కొన్ని తగ్గుతాయేమో గానీ ఉండ చుట్టడం, మిగిలిన ఆ ఒక శాతంలోని గంధకం, ఇనుము తీయడం తప్పవు. దాని అసలు మార్కెట్ వేరే ఉంది. మోటార్ల కార్బన్ బ్రష్షులు, లూబ్రికెంట్లు, లోహపు పొడులతో చేసే విడిభాగాలు. అవి మంచి ధర ఇచ్చే మార్కెట్లే, కాకపోతే చిన్నవి.

రేకు సైజు, ధర

గనివాళ్లు ముందు అడిగే ప్రశ్న శాతం గురించి కాదు, "రేకు ఎంత?" అని. జల్లెడ కన్నాన్ని బట్టి సైజులు కడతారు (మెష్ అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నది). 50 మెష్ జల్లెడపై నిలిచేది, అంటే 300 మైక్రాన్ల పైది, జంబో. 80 మెష్‌పై నిలిచేది పెద్ద రేకు. 100 మెష్ దాటి కిందికి జారేది సన్నం. పెద్ద రేకును ఆమ్లంలో నానబెట్టి వేడి చేస్తే వందల రెట్లు ఉబ్బుతుంది. దాంతో గాస్కెట్లు, మంటలు ఆపే పూతలు, ఎలక్ట్రానిక్స్‌లో వేడి లాగే రేకులు చేస్తారు. ఉక్కు కొలిమిలో పరిచే మెగ్నీషియా కార్బన్ ఇటుకలకూ పెద్ద రేకే మేలు. అందుకే దానికి ధర ఎక్కువ. బ్యాటరీకి సన్నం చాలు. ఆ సన్నమే ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా దొరుకుతుంది.

మరలో ఎక్కువసేపు ఆడిస్తే మట్టి బాగా వదిలి శాతం పెరుగుతుంది, కానీ రేకు ముక్కలవుతుంది. తక్కువ ఆడిస్తే రేకు మిగులుతుంది, మట్టి అంటుకునే ఉంటుంది. గని రాబడిలో మిల్లు ఇంజినీరు నేర్పుకు ఉన్న వాటా చాలామంది పెట్టుబడిదారులు ఊహించేదాని కంటే ఎక్కువ.

ఊహాజనితమైన రెండు గనులతో ఒక చిన్న లెక్క చూడొచ్చు. "అ" గనిలో రాయి 16 శాతం, కానీ 80 శాతం సన్న రేకు. "ఆ" గనిలో రాయి 7 శాతమే, కానీ 60 శాతం పెద్ద రేకు. పెద్ద రేకు టన్ను 1,000 డాలర్లు, సన్నం 450 అనుకుందాం. రాయి తవ్వి మర ఆడించడానికి రెండు చోట్లా టన్నుకు 30 డాలర్లు, సరుకును ఓడరేవుకు చేర్చడానికి టన్నుకు 150 డాలర్లు అనుకుందాం.

మిల్లులో పోయేది పోగా, "అ" గనిలో ఒక టన్ను సరుకుకు ఏడు టన్నుల రాయి కావాలి. "ఆ" గనిలో సుమారు 14.7 టన్నులు కావాలి. కాబట్టి తవ్వకం, మిల్లు ఖర్చు "అ"లో 210 డాలర్లు, "ఆ"లో 442. సగటు అమ్మకం ధర "అ"లో 560, "ఆ"లో 780. రవాణా కూడా తీసేస్తే టన్నుకు "అ"లో 200 డాలర్లు, "ఆ"లో 188 డాలర్లు మిగులుతాయి. ఇంచుమించు సమానం. రాయి శాతం సగం కంటే తక్కువైనా పెద్ద రేకు ఆ లోటు పూడ్చింది.

ఇప్పుడు సన్న రేకు ధర ఒక్క వంద డాలర్లు పడిందనుకుందాం. "అ" మిగులు 200 నుంచి 120కి జారుతుంది, అంటే 40 శాతం పోయింది. "ఆ" మిగులు 188 నుంచి 148కి తగ్గుతుంది, పోయింది 21 శాతమే. "అత్యధిక గ్రేడ్", అంటే రాయిలోనే ఎక్కువ శాతం, అని గొప్పగా చెప్పుకున్న గని ధర పడినప్పుడు ముందు వణకడం వింతేమీ కాదు. ఈ లెక్కలోని అంకెలు ఊహించినవే గానీ ఇలాంటిదే బలామాలో నిజంగా జరిగింది.

బలామా నేర్పిన పాఠం

బలామాలో ఉత్పత్తి 2017 నవంబరులో మొదలైంది. అప్పట్లో ఎలక్ట్రిక్ కార్ల మీద ఆశ ఆకాశాన్నంటుతోంది. 2019లో గని లక్షన్నర టన్నులకు పైగా తీసింది. ఇబ్బంది అక్కడే మొదలైంది. ఒక్క గని అంత సరుకును, అందులో ఎక్కువ సన్న రేకును, ఉన్న చిన్న మార్కెట్‌లోకి గుమ్మరించేసరికి ధర తట్టుకోలేకపోయింది. టన్ను 400 డాలర్ల దరిదాపులకు వచ్చింది. 2019 చివరి మూడు నెలలకు ఉత్పత్తిని నెలకు 5 వేల టన్నులకు కుదిస్తామని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. 2020 మార్చిలో కొవిడ్ వచ్చి పని పూర్తిగా ఆగింది, మళ్లీ 2021లోనే మొదలైంది.

ఇందులో గని లోపం ఏమీ లేదు. నిల్వ చెప్పినంత ఉంది, మిల్లు పనిచేసింది. తప్పిందల్లా అంచనాలోని ఒక్క గడి: "మేం ఎంత తీసినా ధర ఇదే ఉంటుంది" అన్నది. బంగారం, రాగి గనుల్లో ఈ ఊహ చాలావరకు చెల్లుతుంది. ఒక కొత్త గని వల్ల ప్రపంచ ధర కదలదు, లండన్ లాంటి మార్కెట్లలో ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. గ్రాఫైట్‌కు అలాంటి ఎక్స్‌ఛేంజి ధర లేదు. కొనేవాడు, అమ్మేవాడు గదిలో కూర్చుని మాట్లాడుకుని కుదుర్చుకునేదే. బయటికి తెలిసేది కొన్ని సంస్థలు వాకబు చేసి ప్రకటించే అంచనా ధరలు మాత్రమే.

తర్వాత ఒకటి మీద ఒకటి వచ్చాయి. కాబో డెల్గాడోలో సాయుధ తిరుగుబాటు 2017 అక్టోబరులోనే మొదలైంది, అంటే గని తెరిచిన దానికి ఒక నెల ముందు. 2024 సెప్టెంబరు చివర్లో, భూములు పోయిన రైతులు పునరావాసంలో అన్యాయం జరిగిందంటూ గని దారులు మూసి కూర్చున్నారు. అక్టోబరులో జరిగిన ఎన్నికల తర్వాత దేశమంతా అల్లర్లు చెలరేగాయి. డిసెంబరులో సిరా కంపెనీ చేతులెత్తేసింది, తమ అదుపులో లేని పరిస్థితి అని ఫోర్స్ మజూర్ ప్రకటించింది. ఆ ఏడాదే అమెరికా అభివృద్ధి ఆర్థిక సంస్థ డీఎఫ్‌సీ బలామా కోసం 15 కోట్ల డాలర్ల రుణ ఒప్పందం చేసుకుంది. గని ఆగడంతో రుణ షరతులు తప్పినట్టయింది. 2025లో రైతులతో ఒప్పందం కుదిరాక, జూన్‌లో మళ్లీ ఉత్పత్తి మొదలైంది.

ఇన్వెస్టర్ ప్రజెంటేషన్లలో "సామాజిక అనుమతి" అనే స్లయిడు సాధారణంగా చివర్లో, ఫొటోలతో ఉంటుంది. బలామాలో నెలల తరబడి గనిని ఆపింది ఆ స్లయిడులోని విషయమే.

చైనా ధర అనే గోడ

ప్రపంచంలో తవ్వే సహజ గ్రాఫైట్‌లో నాలుగింట మూడొంతులకు పైగా చైనాదే. బ్యాటరీకి పనికొచ్చే స్థాయికి శుద్ధి చేసే పనిలో ఆ వాటా 90 శాతం దాటుతుంది. ఆఫ్రికాలో తవ్విన కాన్సన్‌ట్రేట్ కూడా చాలాకాలం చైనాకే వెళ్లి, అక్కడ ఉండలై, బ్యాటరీలో కూర్చుని ప్రపంచానికి తిరిగొచ్చేది.

2023 అక్టోబరు 20న చైనా కొన్ని రకాల గ్రాఫైట్ ఎగుమతులకు అనుమతి తప్పనిసరి చేసింది. అది డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2024 డిసెంబరులో అమెరికాకు పంపే గ్రాఫైట్ ఎవరు, ఎందుకు వాడుతున్నారో మరింత గట్టిగా తనిఖీ చేస్తామంది. అమెరికా వైపు నుంచి 2025 జులైలో చైనా ఆనోడ్ గ్రాఫైట్‌పై ప్రాథమికంగా 93.5 శాతం యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా తెచ్చి గుమ్మరించకుండా వేసే పన్ను) ప్రకటించారు. ఇవి చదివినవారికి చైనా బయటి గనులకు ఇక తిరుగులేదనిపిస్తుంది. అలాంటి కొన్ని ప్రకటనలు వచ్చినప్పుడు ఆ కంపెనీల షేర్లు ఎగిరాయి కూడా.

కానీ ధర అలా ఎగరలేదు. అందుకు పెద్ద కారణం కృత్రిమ గ్రాఫైట్. పెట్రోలియం నుంచి వచ్చే నీడిల్ కోక్‌ను మూడు వేల డిగ్రీల దగ్గర రోజుల తరబడి కాల్చితే గ్రాఫైట్ తయారవుతుంది. ఎడ్వర్డ్ ఆచిసన్ 1890లలో కనిపెట్టిన పద్ధతి అది. చవక కరెంటు దొరికే చైనా రాష్ట్రాల్లో దీని ఫ్యాక్టరీలు గిరాకీకి మించి వెలిశాయి. 2023 నుంచి ధర పడిపోయింది. కృత్రిమ గ్రాఫైట్‌కు ఎక్కువసార్లు ఛార్జింగ్ తట్టుకునే గుణం ఉంది, ప్రతి బ్యాచ్ ఒకేలా వస్తుంది. ధర కూడా తగ్గాక బ్యాటరీ కంపెనీలు దానివైపే మొగ్గాయి. సహజ గ్రాఫైట్‌కు మిగిలిన బలాలు కాస్త ఎక్కువ నిల్వ సామర్థ్యం, తయారీలో తక్కువ కరెంటు, తక్కువ కాలుష్యం. చివరి రెండింటికీ ఎవరైనా అదనంగా డబ్బు ఇస్తేనే అవి లెక్కలోకి వస్తాయి.

ప్రభుత్వ విధానం మీద కట్టిన లెక్కకు ఇంకో బలహీనత ఉంది. అమెరికాలో ఎలక్ట్రిక్ కారు కొనేవారికిచ్చే పన్ను రాయితీకి, బ్యాటరీలోని ఖనిజాలు ఎక్కడివన్న షరతుకు ముడిపెట్టారు. చైనా బయటి గ్రాఫైట్‌కు అదే పెద్ద ఊతమని చాలా ప్రాజెక్టు నివేదికలు రాసుకున్నాయి. ఆ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ముగిసిపోయింది. గని ఆయుష్షు ముప్పై ఏళ్లు, యాభై ఏళ్లు. చట్టం ఆయుష్షు ఒక ఎన్నిక నుంచి ఇంకో ఎన్నిక దాకా.

కొనేవాడి పరీక్ష

గ్రాఫైట్ ప్రాజెక్టుల్లో ఎక్కువమందికి అర్థం కాని భాగం ఇది. బియ్యం అయితే రకం, తేమ, నూక శాతం చూసి లోడు దించుకుంటారు. బ్యాటరీ గ్రాఫైట్‌ను అలా కొనరు. ముందు కొన్ని కిలోల నమూనా, తర్వాత టన్నుల నమూనా, ఆ తర్వాత అసలు ప్లాంటులో తయారైన సరుకు నమూనా ఇవ్వాలి. బ్యాటరీ సెల్ తయారుచేసే కంపెనీ దాంతో బ్యాటరీలు చేసి, వందల వేల సార్లు ఛార్జ్ చేసి చూస్తుంది. కారు కంపెనీ మళ్లీ తన పరీక్ష పెడుతుంది. దీనికి ఏళ్లు పడుతుంది. గనిలో రాయి మారినా, మిల్లులో మర మారినా కొంత భాగం మళ్లీ మొదటికి రావచ్చు.

అందుకే "కొనుగోలు ఒప్పందం కుదిరింది" అన్న వార్తను రెండుసార్లు చదవాలి. చాలా ఒప్పందాలు నమూనా పాసైతేనే అమల్లోకి వస్తాయి. సిరా కంపెనీ అమెరికాలోని లూసియానా రాష్ట్రం విడాలియాలో ఏటా 11,250 టన్నుల ఆనోడ్ ప్లాంటు కట్టింది. దానికి అమెరికా ఇంధన శాఖ 10.2 కోట్ల డాలర్ల రుణమిచ్చింది. టెస్లా 2021 డిసెంబరులోనే కొనుగోలు ఒప్పందం చేసుకుంది. ప్లాంటు 2024లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అయినా 2025 జులైలో, ఒప్పందం ప్రకారం ఉండాల్సిన నమూనాలు అందలేదంటూ టెస్లా నోటీసు ఇచ్చింది. సిరా దాన్ని ఒప్పుకోలేదు. గడువును ఆ తర్వాత పలుమార్లు పొడిగించారు. గని, ప్లాంటు, ప్రభుత్వ రుణం, ప్రపంచంలోనే పేరున్న కొనుగోలుదారు అన్నీ ఉన్న కంపెనీ పరిస్థితి ఇది. ఇంకా బోర్లు వేసే దశలోనే ఉన్న చిన్న కంపెనీలు "బ్యాటరీ గ్రేడ్ గని" అని చెప్పుకోవడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది.

ప్రయోగశాలలో అరకిలో పొడిని 99.99 శాతానికి శుద్ధి చేయడం దాదాపు ఏ గ్రాఫైట్‌తోనైనా సాధ్యమే. కాబట్టి ఆ ఫలితం ఒక్కటీ గని గొప్పదనాన్ని చెప్పదు. ఎంత ఖర్చుతో, ఎంత దుమ్ము పోగా, రోజుకు ఎన్ని టన్నులు ఒకేలా తీయగలరన్నది ప్రశ్న.

మన దగ్గర గ్రాఫైట్ షేరు అంటే

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. భారత స్టాక్ మార్కెట్లో గ్రాఫైట్ అనగానే గుర్తొచ్చే హెచ్ఈజీ, గ్రాఫైట్ ఇండియా కంపెనీల ప్రధాన సరుకు ఎలక్ట్రోడ్లు. పాత ఇనుమును కరెంటుతో కరిగించే ఉక్కు కొలిమిలో దింపే లావాటి కడ్డీలవి. వాటిని చేసేది నీడిల్ కోక్‌తో, గనిలో తవ్విన గ్రాఫైట్‌తో కాదు. 2017, 2018ల్లో ఆ షేర్లు ఆకాశానికి ఎగిరింది చైనాలో ఎలక్ట్రోడ్ల కొరత వల్ల. సహజ గ్రాఫైట్ గనుల బాగోగులకూ వాటి లాభాలకూ నేరుగా సంబంధం తక్కువ.

తూర్పు కనుమల రాయి

ఆంధ్రప్రదేశ్ ఉత్తర కోస్తా కొండల్లో కనిపించే ఎర్రటి, సులువుగా చిట్లే రాయిని భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అంటారు. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది. విశాఖ కొండలు ఆ రాయే, కోణార్క గుడి కట్టిందీ ఆ రాయితోనే. అందులో క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్‌తో పాటు గ్రాఫైట్ రేకులు కూడా ఉంటాయి. కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు బురదలోని జీవ పదార్థం భూమి లోపలి వేడికి, ఒత్తిడికి గ్రాఫైట్‌గా మారింది. శ్రీలంక, మడగాస్కర్, తూర్పు ఆఫ్రికా, దక్షిణ భారతం ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే భూఖండంలో ఇరుగుపొరుగువి. గ్రాఫైట్ ఈ అన్ని చోట్లా కనిపించడం యాదృచ్ఛికం కాదు.

విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల్లో గ్రాఫైట్ ఉన్నట్టు ఎప్పటినుంచో తెలుసు. దేశంలో ఒడిశా, జార్ఖండ్, తమిళనాడులోని శివగంగ, అరుణాచల్ ప్రదేశ్ కూడా ఈ జాబితాలోవే. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో గ్రాఫైట్ ఉంది. అదే ఏడాది గనుల చట్టాన్ని సవరించి ఇలాంటి 24 ఖనిజాల బ్లాకులను వేలం వేసే అధికారం కేంద్రం తీసుకుంది. నవంబరు 29న మొదటి విడతలో 20 బ్లాకులు వేలానికి పెడితే చాలావాటికి తగినంతమంది బిడ్డర్లు రాక రద్దు చేయాల్సి వచ్చింది. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. ఆ బ్లాకుల్లో ఎక్కువ భాగం అన్వేషణ తొలి దశల్లోనే ఉన్నవి. పైన చెప్పిన రేకు సైజు, మిల్లు పరీక్షల సమాచారం లేకుండా ఆదాయంలో ఇన్ని శాతం ఇస్తానని ప్రభుత్వానికి పాట పాడటం చీకట్లో బేరమాడటమే.

2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం గ్రాఫైట్ రాయల్టీని మార్చింది. అంతకుముందు టన్నుకు ఇన్ని రూపాయలని ఉండేది. ఇప్పుడు 80 శాతం లేదా అంతకు మించి కార్బన్ ఉన్నదానికి సగటు అమ్మకం ధరలో 2 శాతం, అంతకంటే తక్కువ ఉన్నదానికి 4 శాతం. ధర పడినప్పుడు రాయల్టీ కూడా తగ్గుతుంది కాబట్టి గని నడిపేవారికి ఇది ఊరటే. ఎక్కువ స్వచ్ఛత ఉన్నదానికి తక్కువ శాతం పెట్టడం వల్ల, ముడి రాయిని అలాగే అమ్మకుండా ఇక్కడే మిల్లు పట్టమన్న ప్రోత్సాహమూ అందులో ఉంది. అయితే వేలంలో పాడిన ప్రీమియం దీనికి అదనం. మొత్తం భారం ఎంతన్నది అక్కడే తేలుతుంది.

తూర్పు కనుమల విషయంలో ఇంకో అంశం ఏ అంతర్జాతీయ నమూనాలోనూ ఉండదు. ఆ కొండల్లో చాలా భాగం రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాలకు ఉద్దేశించిన ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ ప్రాంతం. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో మైనింగ్ లీజుల మీద నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతాల్లోని ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు మైనింగ్ లీజుకివ్వడం చెల్లదంది. ప్రభుత్వ సంస్థలు, గిరిజన సహకార సంఘాలు తవ్వవచ్చంది. లాభంలో కనీసం 20 శాతం స్థానిక అభివృద్ధికి పక్కన పెట్టాలని కూడా చెప్పింది. కాబట్టి ఏజెన్సీలో ఒక గ్రాఫైట్ బ్లాకు వేలానికి వచ్చిందంటే, అది షెడ్యూలు గీతకు ఇటువైపుందా అటువైపుందా అన్నదే మొదటి ప్రశ్న. దాని తర్వాతే రేకు, శాతం, ధర.

షెడ్యూలు గీతకు బయటున్న బ్లాకు గెలిచినవారికైనా వెంటనే గని చేతికి రాదు. తొలి దశ బ్లాకులకు ఇచ్చేది కాంపోజిట్ లైసెన్స్. దానితో మూడేళ్లు, పొడిగింపుతో కలిపి ఐదేళ్లలోపు బోర్లు వేసి, నిల్వ నిరూపించుకుని, అప్పుడు మైనింగ్ లీజుకు దరఖాస్తు చేసుకోవాలి. ఆపైన పర్యావరణ, అటవీ అనుమతులు, మిల్లు నిర్మాణం, కొనేవాడి పరీక్షలు. ఈ లోపు సోడియం అయాన్ బ్యాటరీలు పుంజుకుంటే వాటిలో వాడేది గ్రాఫైట్ కాదు, హార్డ్ కార్బన్ అనే వేరే రకం కార్బన్. సిలికాన్ కలిపిన ఆనోడ్లు పెరిగితే కారుకు కావాల్సిన గ్రాఫైట్ తగ్గుతుంది. మరోవైపు ఇటుకలు, మూసలు, గాస్కెట్ల గిరాకీ బ్యాటరీలతో సంబంధం లేకుండా వందేళ్లుగా నడుస్తూనే ఉంది. తూర్పు కనుమల్లో దొరికేది పెద్ద రేకు అయితే, విశాఖ ఉక్కుతో సహా దేశంలోని కొలిముల ఇటుకలకు సరుకిచ్చే మార్కెట్ ఐదు వందల కిలోమీటర్ల లోపే ఉంది. దానికి 99.95 శాతం అక్కర్లేదు.